అప్పులన్నీ ఒకే లోన్‌లోకి మార్చాలనుకుంటున్నారా? సంతకం పెట్టేముందు వేయాల్సిన లెక్కలు ఇవి

అప్పులన్నీ కలిపి ఒకటే లోన్ చేసేసుకుందాం అనుకునేవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగేది "నెలకి ఈఎంఐ ఎంత తగ్గుతుంది?" అని. లోన్ ఇచ్చేవాళ్ళకి కూడా మీరు ఆ ప్రశ్న అడగడమే కావాలి, ఎందుకంటే గడువు సాగదీస్తే ఏ ఈఎంఐ అయినా తగ్గుతుంది. మీరు అడగాల్సినవి రెండు. బాకీ పూర్తిగా తీరేసరికి నా జేబులోంచి మొత్తం ఎంత పోతుంది? మధ్యలో నా చేతిలో డబ్బు ఆడితే ముందే కట్టేయనిస్తారా, దానికేమైనా వసూలు చేస్తారా? ఫ్లెక్సిబుల్ అని చెప్పుకునే లోన్లు చాలా ఉన్నాయి, కానీ అప్పులు తీర్చడానికి తీసుకునేవాడికి పనికొచ్చే వెసులుబాటు ఒక్కటే, తొందరగా వదిలించుకునే వెసులుబాటు. మళ్ళీ మళ్ళీ వాడుకునే సదుపాయం చూసి లోన్ ఎంచుకున్నవాళ్ళు ఎక్కువమంది రెండేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటారు.

ముందు బాకీలన్నీ కాగితం మీద పెట్టండి

ఎవరికి ఇవ్వాలి, అసలు ఇంకా ఎంత ఉంది, వడ్డీ ఎంత, నెలకి ఎంత కడుతున్నారు, ఇంకా ఎన్ని నెలలు, ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా లేదా. ఇంత రాయాలి. ఇంట్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన బాకీలు కూడా ఇందులోకి రావాల్సిందే. భార్యకి తెలియని యాప్ లోన్ భర్తకి, భర్తకి తెలియని చీటీ బాకీ భార్యకి ఉన్న ఇళ్ళు తక్కువేం కాదు. ఆ దాచిన బాకీయే ఆరు నెలల తర్వాత బయటపడి కొత్త లోన్ ఈఎంఐని కూడా ఆపేస్తుంది, కాబట్టి కష్టమైనా ఇద్దరూ కూర్చునే రాయండి.

తర్వాత వడ్డీలన్నీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి. మన దగ్గర బయట అప్పు నూటికి రెండు రూపాయలు అంటారు, కార్డు వాళ్ళు నెలకి 3.5 శాతం అంటారు, బ్యాంకు ఏడాదికి 14 శాతం అంటుంది, ఫైనాన్స్ వాళ్ళు ఫ్లాట్ 12 అంటారు. విన్నప్పుడు రెండు రూపాయలే చిన్నదిగా, పద్నాలుగు పెద్దదిగా అనిపిస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. ఫ్లాట్ అన్నది ఇంకా మోసపుచ్చేది. లక్ష రూపాయలు 3 ఏళ్ళకి ఫ్లాట్ 12 శాతానికి తీసుకుంటే వడ్డీ 36,000, నెలకి 3,778 కట్టాలి. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వాళ్ళు మాత్రం చివరిదాకా మొత్తం లక్ష మీదే వడ్డీ వేశారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం పైమాటే. అంటే బ్యాంకులో తగ్గే బాకీ మీద 16 శాతానికి వచ్చే లోన్ ఈ ఫ్లాట్ 12 కంటే చాలా చవక.

ఇక ఒక ఇంటి లెక్క తీసుకుందాం, అన్నీ ఊహించిన అంకెలే అయినా ఇలాంటి ఇళ్ళు ప్రతి వీధిలో ఉంటాయి. నెల జీతం 55,000. క్రెడిట్ కార్డు బాకీ 1,40,000. ఒక యాప్ లోన్ ఇంకా 60,000 ఉంది, వడ్డీ 28 శాతం, నెలకి 5,790 చొప్పున ఇంకో 12 నెలలు. తెలిసినవాళ్ళ దగ్గర ప్రామిసరీ నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష. ఫోన్ కొన్నప్పటి నో కాస్ట్ ఈఎంఐ నెలకి 3,000 చొప్పున ఇంకో 8 నెలలు. బ్యాంకులో బంగారం పెట్టి 9 శాతానికి తీసుకున్న లక్షన్నర.

కార్డు సంగతి కాస్త నిలబడి చూడాలి. నెలకి 3.5 శాతం అంటే 1,40,000 మీద 4,900 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 882, మొత్తం 5,782. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే 7,000 కట్టారనుకోండి, అసలు తగ్గింది 1,218 రూపాయలు మాత్రమే. పైగా పాత బాకీ మోస్తున్నంత కాలం కొత్తగా కొన్నవాటికి ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది కానీ 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, కాబట్టి చట్టం వచ్చి ఈ వడ్డీ తగ్గిస్తుందని ఎదురుచూడొద్దు.

ఏవి కలపాలి, ఏవి ముట్టుకోకూడదు

అన్నీ కలిపేయాలి అన్న ఆత్రంలోనే చాలామంది నష్టపోతారు. కొత్త లోన్ 15 శాతానికి వస్తుందనుకుంటే, అంతకంటే ఎక్కువ వడ్డీ ఉన్నవే అందులోకి రావాలి. పై ఇంట్లో కార్డు, యాప్ లోన్, రెండు రూపాయల బాకీ, మూడూ కలిపి సరిగ్గా 3 లక్షలు. 9 శాతం బంగారం లోన్‌ని తీసుకొచ్చి 15 శాతంలో కలపడం అంటే ఏరికోరి ఖర్చు పెంచుకోవడమే. అది గడువులోపు వడ్డీ కట్టి రెన్యూవల్ చేసుకుంటూ, ఇవతల బరువు తగ్గాక విడిపించుకోవాలి. ఫోన్ ఈఎంఐ 8 నెలల్లో దానంతట అదే పోతుంది, దాన్ని మూడేళ్ళకి సాగదీయడం ఎందుకు? డ్వాక్రా సంఘం ద్వారా తీసుకున్నది, ఎల్‌ఐసీ పాలసీ మీద తీసుకున్నది, ఆఫీసు సొసైటీలో తీసుకున్నది కూడా సాధారణంగా తక్కువ వడ్డీవే, వాటిని అలాగే ఉంచండి.

ఇప్పటికే సగం పైన కట్టేసిన పాత పర్సనల్ లోన్ ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈఎంఐలో వడ్డీ భాగం మొదట్లోనే ఎక్కువ, చివరి ఏడాదిలో కట్టేదంతా దాదాపు అసలే. పది నెలలు మిగిలిన లోన్‌ని మూసేస్తే మీరు ఆదా చేసే వడ్డీ కొంచెమే, గడువుకి ముందే మూసేసినందుకు వేసే ఫోర్‌క్లోజర్ ఛార్జీ దాన్ని తినేస్తుంది.

వడ్డీ ఒక్కటే చూడకూడని బాకీలు కూడా ఉంటాయి. మీకు ష్యూరిటీ సంతకం పెట్టిన సహోద్యోగి జీతంలోంచి కట్ అయ్యే ప్రమాదం ఉన్న బాకీ, వడ్డీ లేకుండా చేబదులు ఇచ్చిన బాబాయి ఇంట్లో వచ్చే మాఘంలో పెళ్ళి ఉంటే ఆ బాకీ. ఇవి లెక్క ప్రకారం చివర్న ఉండొచ్చు, నా మటుకు మాత్రం ఇవి ముందే తీర్చాలి. మనుషుల్ని ఇబ్బంది పెట్టి మిగుల్చుకునే వడ్డీ అక్కర్లేదు.

గడువు ఎంత పెట్టాలి

3 లక్షలు, 15 శాతం. 3 ఏళ్ళకి పెడితే ఈఎంఐ సుమారు 10,400, మొత్తం వడ్డీ దాదాపు 74,400. అదే 5 ఏళ్ళకి పెడితే ఈఎంఐ 7,137కి దిగుతుంది, వడ్డీ 1,28,200కి ఎక్కుతుంది. నెలకి మూడు వేల చిల్లర తగ్గినందుకు మొత్తం మీద 53,800 ఎక్కువ కడతారు. ఆ ఇంట్లో ఇప్పుడు నెలనెలా పోతున్నది చూడండి, కార్డుకి 7,000, యాప్‌కి 5,790, నోటు వడ్డీ 2,000, ఫోన్ 3,000, వెరసి 17,790. మూడు బాకీల స్థానంలో 10,400 ఈఎంఐ వచ్చి, ఫోన్ మూడు వేలు అలాగే ఉంటే 13,400. అంటే మూడేళ్ళ గడువుతోనే నెలకి 4,390 మిగులుతోంది, ఐదేళ్ళు అక్కర్లేదు. అయినా ఏజెంట్ ఫోన్ చేసి "సార్, ఏడు వేలకే అయిపోతుంది" అంటాడు, వినడానికి హాయిగానే ఉంటుంది.

జీతం ఖాయం కాని ఉద్యోగమైతే నేను వేరేగా ఆలోచిస్తాను. ముందే కట్టడానికి ఛార్జీ లేని లోన్ దొరికితే, ఐదేళ్ళకే పెట్టి నెలనెలా 10,400 కడుతూ పోవచ్చు. అదనంగా కట్టిన ప్రతిసారీ అసలు తగ్గుతుంది కాబట్టి మూడేళ్ళలోనే తీరిపోతుంది, వడ్డీ కూడా మూడేళ్ళ లోన్‌కి అయినంతే అవుతుంది. తేడా ఏమిటంటే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ఆస్పత్రి ఖర్చు వచ్చిన నెలలో 7,137 కడితే చాలు, బౌన్స్ ఉండదు, క్రెడిట్ స్కోరు పడిపోదు. నిజమైన వెసులుబాటు ఇదే. కాకపోతే దీనికి రెండు షరతులు, అదనంగా కట్టే క్రమశిక్షణ మీకుండాలి, ఆ లోన్ పేపర్లలో అందుకు వీలుండాలి.

ముందే కట్టే వీలు: ఇక్కడే ఎక్కువసేపు అడగండి

పర్సనల్ లోన్లలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ వడ్డీవి, అంటే గడువంతా వడ్డీ మారనివి. ఫ్లోటింగ్ అంటే బయటి వడ్డీ రేట్లతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉండేవి. రిజర్వు బ్యాంకు చాలాకాలంగా వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ వడ్డీ లోన్ల మీద ఫోర్‌క్లోజర్ ఛార్జీ వేయకూడదంటోంది. 2025 జులైలో దీన్నే ఇంకా గట్టిగా చెప్పింది, 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లేదా రెన్యూవల్ అయ్యే ఇలాంటి ఫ్లోటింగ్ లోన్లకి ముందే కడితే ఛార్జీ లేదు, ఇన్ని నెలలు ఆగాలి అన్న లాక్ ఇన్ లేదు, డబ్బు ఎక్కడినుంచి తెచ్చి కట్టారన్న ప్రశ్నా లేదు. కానీ మీ చేతికి వచ్చేది ఫిక్స్‌డ్ అయితే ఈ రక్షణ మీకు వర్తించదు, అక్కడ ఒప్పందంలో ఏం రాసుంటే అదే. కాబట్టి మొదటి ప్రశ్న, ఇది ఫిక్స్‌డా ఫ్లోటింగా? కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు పర్సనల్ లోన్ కూడా ఫ్లోటింగ్‌లో ఇస్తాయి, అప్పులు తొందరగా తీర్చే ఉద్దేశం ఉన్నవాళ్ళకి వడ్డీ అర శాతం అటూ ఇటూ ఉన్నా అవి చూడదగ్గవి.

ఫిక్స్‌డ్ అయితే వరసగా ఇవి అడగండి. ఎన్ని ఈఎంఐలు కట్టాక ముందే కట్టనిస్తారు, ఆరా, పన్నెండా? లోన్ మొత్తం మూసేస్తే ఎంత శాతం, దాని మీద జీఎస్‌టీ ఎంత? కొంత కొంత కడతానంటే ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారు, ఒకసారికి ఎంత వరకు? కొన్ని చోట్ల ఏడాదికి ఒక్కసారే, అదీ మిగిలిన అసలులో పాతిక శాతం దాటకుండా అంటారు, అలాంటి చోట పైన చెప్పిన నెలనెలా అదనంగా కట్టే పద్ధతి కుదరదు. ఇంకోటి, కొంత కట్టాక ఈఎంఐ తగ్గిస్తారా, గడువు తగ్గిస్తారా? గడువు తగ్గించమని రాసివ్వండి, వడ్డీ మిగిలేది అందులోనే ఎక్కువ. ఇది యాప్‌లోంచి మనమే చేసుకోవచ్చా, లేక ప్రతిసారీ బ్రాంచికి వెళ్ళి అర్జీ ఇవ్వాలా అన్నది కూడా చిన్న విషయం కాదు, బ్రాంచి చుట్టూ తిరగాలంటే రెండోసారి ఎవరూ వెళ్ళరు.

ఛార్జీ ఎంత దెబ్బ కొడుతుందో మన 3 లక్షల లోన్ మీదే చూద్దాం. 12 ఈఎంఐలు కట్టాక మిగిలిన అసలు దాదాపు 2,14,500. 4 శాతం ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దాని మీద జీఎస్‌టీ కలిపితే పది వేల పైన. అప్పుడు ఎవరో 13 శాతానికి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేస్తామని, అంటే మిగిలిన బాకీని తమ దగ్గరికి మార్చుకుంటామని వస్తారు. మిగతా రెండేళ్ళలో మీకు మిగిలే వడ్డీ ఐదు వేల లోపు. పదివేలు ఛార్జీ కట్టి, కొత్తచోట ప్రాసెసింగ్ ఫీజు కూడా కట్టి, ఐదువేలు మిగుల్చుకోవడం అన్నమాట. అదే మీ సొంత డబ్బుతో, బోనస్ వచ్చో పొలం కౌలు డబ్బులు చేతికొచ్చో మూసేస్తే, మిగిలిన 35,000 వడ్డీ తప్పుతుంది కాబట్టి పదివేలు పోయినా లాభమే. ఒకే ఛార్జీ, ఒక సందర్భంలో దండగ, ఇంకో సందర్భంలో సరే. లెక్క వేయకుండా ఏదీ ఒప్పుకోవద్దు.

లిమిట్ ఇచ్చే లోన్లు, మొదట్లో వడ్డీ మాత్రమే కట్టే లోన్లు

ఫ్లెక్సీ అన్న పేరుతో ఎక్కువగా ప్రచారం చేసేవి ఇవే. మీకు ఒక లిమిట్ ఇస్తారు, అందులో వాడుకున్న దానికే, వాడుకున్న రోజులకే వడ్డీ. డబ్బు వచ్చినప్పుడు వేసేయొచ్చు, కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు. కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళకి, కమీషన్ మీద బతికేవాళ్ళకి, డబ్బు ఒక నెల దండిగా వచ్చి రెండు నెలలు రానివాళ్ళకి ఇది నిజంగా బాగుంటుంది. అయితే ఏడాదికోసారి మెయింటెనెన్స్ ఛార్జీ అని ఒకటుంటుంది, అది మీరు వాడిన దాని మీద కాకుండా మొత్తం లిమిట్ మీద లెక్కేస్తారా అన్నది చూసుకోండి. వడ్డీ కూడా మామూలు పర్సనల్ లోన్ కంటే కాస్త ఎక్కువే ఉండొచ్చు.

కొన్నింటిలో మొదటి ఏడాదో రెండేళ్ళో వడ్డీ మాత్రమే కట్టమంటారు. 3 లక్షలు 16 శాతానికి అయితే నెలకి 4,000. చాలా తేలిగ్గా ఉంటుంది. రెండేళ్ళయ్యాక చూసుకుంటే 96,000 కట్టి ఉంటారు, బాకీ మాత్రం 3 లక్షలు అలాగే ఉంటుంది, మన ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి వడ్డీ కట్టినా నోటు మీద అసలు కదలని పరిస్థితి లాంటిదే. ఉద్యోగం మారుతూ ఆరు నెలలు ఊపిరి తీసుకోవాలనుకునేవాళ్ళు తప్ప, అప్పులు తీర్చే ఉద్దేశంతో వచ్చినవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

లిమిట్ లోనే కావాలనిపిస్తే, నెలనెలా లిమిట్ తగ్గుతూ వచ్చే డ్రాప్‌లైన్ ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. అందులో గడువు ముగిసేసరికి లిమిట్ సున్నాకి వస్తుంది కాబట్టి బాకీ తీర్చక తప్పదు. కార్డు బాకీల్లో కూరుకుపోయిన మనిషికి మళ్ళీ తీసుకునే వీలున్న ఇంకో ఖాతా ఇవ్వడం ఎంత ప్రమాదమో, ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళని దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరైనా చెప్తారు.

ఈఎంఐ హాలిడే, ఒక నెల మానేసే సదుపాయం లాంటివి కూడా చూపిస్తారు. ఆ నెల వడ్డీ ఎక్కడికీ పోదు, అసలుకి చేరుతుంది. ఈఎంఐ తేదీ మార్చుకునే వీలు మాత్రం అడిగి తీసుకోండి, జీతం పడిన రెండు మూడు రోజుల్లో ఉండేలా పెట్టుకుంటే బౌన్స్ బాధ ఉండదు.

చేతికి ఎంత వస్తుంది, కాగితంలో ఏముంది

3 లక్షల లోన్ అంటే ఖాతాలో 3 లక్షలు పడవు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అంటే 6,000, జీఎస్‌టీ 1,080, పోను 2,92,920. బాకీలు సరిగ్గా 3 లక్షలుంటే ఏడువేలు తక్కువ పడి, కార్డు మీద ఆ ఏడువేలు మిగిలిపోయి, మళ్ళీ అక్కడినుంచి వడ్డీ మొదలవుతుంది. ఆ తేడా చేతి నుంచి సర్దుకోవాలి, లేకపోతే ముందే లెక్కేసి అంత మేరకే ఎక్కువ అడగాలి. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా చెప్పకుండా లోన్‌లో కలిపేస్తారు, అది తప్పనిసరి కాదు. వద్దంటే లోన్ రాదని ఎవరైనా నోటితో అంటే, ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమనండి.

2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకిచ్చే టర్మ్ లోన్లన్నిటికీ బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ముందుగానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ ఉంటుంది, అంటే వడ్డీతో పాటు ఫీజులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతోందో చెప్పే అంకె. మన ఉదాహరణలో వడ్డీ 15 శాతమే అయినా ఆ ఫీజుతో కలిపితే దాదాపు 16.7 శాతం అవుతుంది. రెండు లోన్లు పోల్చేటప్పుడు వడ్డీ రేట్లు పక్కన పెట్టి ఈ అంకెల్నే పోల్చండి, కానీ ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఏపీఆర్‌లోకి రాదు, దాన్ని విడిగా చూడాలి. ఆ కాగితంలో రాయని ఛార్జీని తర్వాత మీ ఒప్పుదల లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది కూడా నిబంధనలోనే ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళ పేరు మీద తీసుకుంటుంటే మొహమాటం లేకుండా తెలుగులో అడగండి. ఆఫర్ ఈరోజుతో అయిపోతుందని తొందరపెడితే నమ్మొద్దు, వారం, అంతకు మించిన గడువున్న లోన్లకి ఆ కాగితంలోని షరతులు కనీసం 3 పనిదినాలు నిలబడాలి.

ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

ముందు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి, మీ అప్పులూ వాటిని ఎలా కట్టారన్నదీ ఉండే చిట్టా అది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో తీర్చేసిన బైక్ లోన్ ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే లోన్ అడగకముందే సరిచేయించుకోండి, స్కోరులో తేడా వస్తే వడ్డీలోనూ వస్తుంది.

జీతం పడే బ్యాంకుతో మొదలుపెట్టండి, మీ ఖాతా వాళ్ళ కళ్ళముందే ఉంటుంది కాబట్టి సాధారణంగా మంచి రేటు అక్కడే వస్తుంది. తర్వాత ఇంకో బ్యాంకు, ఒక ఫైనాన్స్ కంపెనీ, చాలు. ఒకే వారంలో పది చోట్ల దరఖాస్తు పెడితే రిపోర్టులో పది విచారణలు కనబడి, ఈ మనిషికి డబ్బు బాగా ఇరుకుగా ఉందని అందరికీ తెలిసిపోతుంది. దరఖాస్తు పెట్టకుండానే రేటు చెప్పే ప్రీ అప్రూవ్డ్ ఆఫర్లు మీ నెట్ బ్యాంకింగ్‌లో ఉన్నాయేమో చూసుకోండి.

పర్సనల్ లోన్ కాకుండా దారులేమైనా ఉన్నాయా అని కూడా ఈ దశలోనే ఆలోచించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టుకుని ఇంకోపక్క కార్డుకి నలభై శాతం కట్టేవాళ్ళున్నారు, దాన్ని తీసేసి కట్టేయండి, మనసొప్పకపోతే దాని మీద లోన్ తీసుకోండి. బీరువాలో బంగారం ఉంటే అందులో కొంత బ్యాంకులో పెట్టి కార్డు బాకీ తీర్చడం పర్సనల్ లోన్ కంటే చవక కావచ్చు, 2026 ఏప్రిల్ నుంచి రెండున్నర లక్షల లోపు బంగారం లోన్‌కి విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది కూడా. కానీ కట్టలేకపోతే వేలం వేస్తారు, కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే. చీటీ వేసి ఉంటే పాడేయొచ్చు, అయితే 5 లక్షల చీటీని మూడు ముప్పావు లక్షలకి పాడుకుని మిగతా వాయిదాలన్నీ కట్టడం కూడా అప్పే, చేతికి వచ్చేదీ ఇంకా కట్టాల్సిందీ పక్కపక్కన రాసుకుని చూడండి. చీటీ రిజిస్టర్ అయినదో కాదో ముందు చూసుకోండి.

యాప్‌ల దగ్గర జాగ్రత్త. లోన్ ఇచ్చేది ఏ బ్యాంకో, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఏ ఫైనాన్స్ కంపెనీయో పేరు స్పష్టంగా లేకపోతే అక్కడే ఆగండి. మీ కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి అడిగే యాప్ నిబంధన మీరినట్టే. లోన్ రాకముందే ఫీజు యూపీఐలో పంపమంటే అది మోసం, అందులో రెండో ఆలోచన లేదు. మంచి యాప్‌లో తీసుకున్నా కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి, ఆలోపు మనసు మారితే అసలూ ఆ రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ముందే చెప్పి ఉంటే ఉంచేసుకోవచ్చు.

లోన్ తీసుకోకూడనివాళ్ళు

కొత్త ఈఎంఐ కూడా కట్టాక ఇల్లు గడవడానికి డబ్బు చాలకపోతే ఈ లోన్ మీ సమస్యకి మందు కాదు. అప్పుడు చేయాల్సింది ఇప్పుడున్న అప్పులవాళ్ళకి మెయిల్ పెట్టి గడువు పెంచమని, రీస్ట్రక్చర్ చేయమని అడగడం. తగ్గించి కట్టి సెటిల్‌మెంట్ చేసుకుంటే రిపోర్టులో సెటిల్డ్ అని పడి ఏళ్ళ తరబడి కొత్త లోన్లకి అడ్డుపడుతుంది, వేరే దారి లేనప్పుడే దాని జోలికి వెళ్ళాలి. రికవరీ వాళ్ళు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, మీ బంధువులకి ఫోన్ చేసి పరువు తీయకూడదు. చేస్తే రికార్డు చేసి ముందు ఆ సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఈ టెన్షన్‌లో బతకడమే వద్దనిపిస్తే మానసిక ఆరోగ్య సాయానికి 14416 టెలి మానస్ నంబర్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, దయచేసి ఫోన్ చేయండి. ఎంత పెద్ద బాకీకైనా చట్టంలో ఏదో ఒక దారి ఉంది.

డబ్బు పడ్డ రోజు చేయాల్సినవి

ఖాతాలో 3 లక్షలు కనిపించగానే, చిన్న చిన్న అవసరాలన్నీ గుర్తొస్తాయి. అందుకే పడిన రోజే, వీలైతే ఆ పూటే పంపించేయండి. కార్డు వాళ్ళకి ముందే ఫోన్ చేసి ఆ రోజుకి మొత్తం ఎంత కడితే సున్నా అవుతుందో అడగండి, స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె కట్టినా ఆ తేదీ తర్వాతి రోజుల వడ్డీ వచ్చే నెల బిల్లులో మళ్ళీ వస్తుంది, అది చూసి కంగారు పడకుండా వెంటనే కట్టేయాలి. కార్డులో ఈఎంఐలుగా మార్చుకున్నవి విడిగా ఉంటాయి, వాటినీ అడగండి. రెండు మూడు కార్డులుంటే అన్నిటికంటే పాతది ఒకటి ఉంచుకుని దాని లిమిట్ పాతిక వేలకో ముప్పైకో తగ్గించమని, మిగతావి మూసేయమని నా సలహా. మూసేయమని అడిగాక, బాకీ ఏమీ లేకపోతే, 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున మీకు కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

బయట అప్పు తీర్చేటప్పుడు నగదు వద్దు, బ్యాంకు ద్వారానో యూపీఐలోనో ఇవ్వండి. ఎంత నమ్మకస్తులైనా నోటు వెనక్కి తీసుకోండి, దాని మీద మొత్తం ముట్టిందని చెల్లు రాయించి తేదీతో సంతకం పెట్టించుకోండి, ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా ఆ రోజే అడిగి తెచ్చుకోండి. నోటు వాళ్ళ దగ్గరే ఉండిపోయి, పెద్దాయన పోయాక కొడుకులు కోర్టు నోటీసు పంపిన సంగతులు పల్లెల్లో చాలా ఉన్నాయి.

యాప్ లోన్ మూసేశాక నో డ్యూస్ సర్టిఫికెట్ మెయిల్‌లో తెప్పించుకుని, ఖాతాకి పెట్టిన ఆటో డెబిట్ మ్యాండేట్‌ని బ్యాంకులో రద్దు చేయండి, తర్వాత యాప్ తీసేయండి. నెలకి మిగిలే ఆ 4,390లో సగం అత్యవసరానికి విడిగా ఒక ఖాతాలో వేసుకుని, మిగతా సగం ఛార్జీ లేకుండా కట్టనిచ్చినప్పుడల్లా కొత్త లోన్‌కే వేయండి.

రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ రిపోర్టు తీయండి. 2025 జనవరి నుంచి లోన్ ఇచ్చేవాళ్ళు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సంస్థలకి సమాచారం పంపాలి, కాబట్టి మీరు తీర్చిన ఖాతాలు అప్పటికి క్లోజ్డ్ అని కనిపించాలి. ఏదైనా ఇంకా బాకీ అనో, సెటిల్డ్ అనో ఉంటే నో డ్యూస్ కాగితం జతచేసి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి, ఆ సంగతి ఫిర్యాదులోనే రాయండి.